పోర్చుగీసు మాట్లాడేవారికి ఇంగ్లీషు: తక్కువ సమయంలో ముందుగా ఏది సరిదిద్దాలి?

బెజవాడ బోధకుడు:

మిత్రులందరికీ నమస్కారం. నేను విజయవాడ నుంచి ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు సంభాషణ తరగతులు నడుపుతుంటాను. ఇంతకాలం నా దగ్గర చేరినవారిలో తెలుగువారు, తమిళులే ఎక్కువ. ఇటీవల బ్రెజిల్ నుంచి ఉద్యోగార్థుల బృందం ఒకటి చేరింది. వారిలో కొందరిది బెలో హొరిజోంటె, మరికొందరిది రెసీఫ్. పత్రికా వ్యాసం ఇస్తే నా తెలుగు విద్యార్థులకంటే త్వరగా చదివి సారాంశం చెబుతారు కాని, నోరు విప్పితే మాత్రం "వర్క్" అనవలసిన చోట "వర్కి" అనీ, "ఫేస్‌బుక్" అనవలసిన చోట "ఫేసిబుకి" అనీ వినిపిస్తుంది. "ఇంటర్నెట్" అనే మాటను బెలో హొరిజోంటె వారు "ఇంటర్నెచి" అంటుంటే, రెసీఫ్ వారు "ఇంటర్నెటి" అంటున్నారు. ఈ తేడా ఎందుకో నాకు అంతుపట్టలేదు. వారికి త్వరలోనే ఇంటర్వ్యూలు ఉన్నాయి కాబట్టి వ్యాకరణం జోలికి పోకుండా ఉచ్చారణలోనూ పదజాలంలోనూ ముందుగా దేని మీద దృష్టి పెడితే ఎక్కువ ఫలితం ఉంటుందో అనుభవజ్ఞులు చెప్పగలరు.

సావో పౌలో ప్రవాసి:

బోధకుడు గారికి నమస్కారం. ఉద్యోగరీత్యా సావో పౌలోలో ఉంటున్నాను. ఇక్కడి సహోద్యోగులకు ఇంగ్లీషు సంభాషణలో సాయం చేస్తుంటాను. నా అభిప్రాయంలో మాట చివర పట్టుకుంటే మిగిలిన వాటిలో సగం వాటంతట అవే దారికి వస్తాయి.

పోర్చుగీసులో స, ర, ల, మ వంటి కొద్దిపాటి హల్లులతో తప్ప మాట ముగియదు. క, గ, ట, డ, ప, బ లతో ముగిసే పరభాషా పదం ఎదురైతే బ్రెజిల్‌వారు దానికి చివర ఒక ఇకారం తగిలిస్తారు. మనం "బుక్కు", "బస్సు", "రోడ్డు" అని ఉకారం తగిలించుకున్నట్టే అనుకోండి. మాట మొదట స మీద మరో హల్లు కలిసి వచ్చినా వారు ముందు ఇకారమే పెట్టుకుంటారు. మన పాతతరం వారు "ఇస్కూలు", "ఇస్టేషను" అనేవారు కదా, అచ్చంగా అదే పద్ధతి.

ఇక మీ సందేహం. బ్రెజిల్‌లో ఎక్కువ ప్రాంతాలలో త, ద ల తరువాత ఇకారం వస్తే అవి చ, జ లుగా మారిపోతాయి. అత్తను పిలిచే "తియ" అనే మాట "చియ" అవుతుంది, రోజు అనే అర్థమున్న "దియ" కాస్తా "జియ" అవుతుంది. అందువల్ల "ఇంటర్నెట్" చివర ముందు ఇకారం చేరుతుంది, చేరిన ఆ ఇకారం ట ను చ చేస్తుంది. ఈశాన్యాన ఉన్న రెసీఫ్ ప్రాంతంలో ఈ రెండో మార్పు లేదు కాబట్టి వారి నోట "ఇంటర్నెటి" దగ్గరే ఆగుతుంది. అంటే చకారాన్ని విడిగా సరిదిద్దవలసిన పని లేదు. చివరి ఇకారం తీసేస్తే చకారమూ పోతుంది.

తీసేయడం ఎలాగంటే, "బుక్" అనమని, చివర నాలుక వెనుకభాగం అంగిలికి అతుక్కున్న స్థితిలోనే ఆగిపొమ్మని చెప్పండి. అరచేతిని నోటి ముందు పెట్టుకుంటే ఇకారం వచ్చినప్పుడు గాలి తగులుతుంది, రానప్పుడు తగలదు. అలా ఆగడం అలవాటైన తరువాత అచ్చుతో మొదలయ్యే మాటను వెంటనే కలపాలి. "బుక్ ఆన్ ద టేబుల్" అనే వాక్యాన్ని "బుకాన్" అని కలిపి పలికితే ఇకారం చొరబడడానికి చోటే మిగలదు. విడి మాటలను వందసార్లు వల్లె వేయించేకంటే ఇలా జంటలుగా పలికించడం మేలు.

ధ్వనిశాస్త్ర విద్యార్థిని:

ప్రవాసి గారు చెప్పిన దానికి మరో రెండు చివరలను చేర్చాలి. మొదటిది లకారం. బ్రెజిల్ పోర్చుగీసులో మాట చివరి ల ఉకారానికి దగ్గరగా జారిపోతుంది. వారి దేశం పేరే వారి నోట "బ్రజివ్" అని వినిపిస్తుంది, ఫుట్‌బాల్‌ను "ఫుచిబావ్" అంటారు. అందుకే "ఫీల్" అన్న మాట "ఫ్యూ" లాగా, "పీపుల్" అన్న మాట "పీపొవ్" లాగా మనకు చేరుతుంది. నాలుక కొన పైపళ్ల వెనుక తగిలి, అక్కడే ఒక క్షణం నిలవాలని చెప్పాలి.

రెండోది మకారం. మన అరసున్నను మనం రాతలో వదిలేసుకున్నాం గాని, బ్రెజిల్‌వారి మకారాన్ని రాసి చూపడానికి అంతకు మించిన గుర్తు లేదు. "టైమ్" అన్నప్పుడు వారి పెదవులు కలవవు, అచ్చు మాత్రం ముక్కులోకి వెళ్లి "టైఁ" అవుతుంది. "సమ్", "సన్", "సంగ్" మూడూ ఒకేలా వినిపించడానికి కారణం ఇదే. అద్దం ముందు కూర్చోబెట్టి, మాట ముగిసేసరికి పెదవులు మూసుకున్నాయో లేదో చూసుకోమంటే చాలు. వీడియో తరగతి కాబట్టి మీకు కూడా తెరమీద కనిపిస్తుంది.

అయితే ఒక విషయంలో ప్రవాసి గారితో ఏకీభవించలేను. తక్కువ సమయమే ఉంటే నేను చివరలకంటే ముందు ఊనిక మీద, అంటే మాటలో ఏ భాగాన్ని ఒత్తి పలకాలన్న దాని మీద, పని చేయిస్తాను. "వర్కి" అన్నా వినేవారికి అర్థమవుతుంది. కాని "హాస్పిటల్", "యానిమల్", "జనరల్", "నేచురల్", "క్యాపిటల్" వంటి మాటలు పోర్చుగీసులోనూ దాదాపు ఇవే రూపాల్లో ఉండి, అక్కడ ఊనిక చివరి భాగం మీద పడుతుంది. అదే ఊనికతో ఇంగ్లీషులో పలికితే అలవాటు లేని చెవికి అది వేరే మాటలా తోస్తుంది. "చాక్లెట్" విషయమూ అంతే. వారు నాలుగు అచ్చులనూ పూర్తిగా పలికి, చివరినుంచి రెండోదాన్ని ఒత్తుతారు. ఇంగ్లీషులో మొదటిదాన్ని మాత్రమే ఒత్తి, మధ్యదాన్ని మింగేస్తారు. "కంఫర్టబుల్", "వెజిటబుల్" కూడా ఈ కోవలోవే. అల్ తో ముగిసే ఇటువంటి మాటల్లో చాలావాటికి ఊనికను మొదటికి తెచ్చుకోవాలన్న ఒక్క సూత్రం చెబితే డజన్లకొద్దీ మాటలు ఒక్కరోజులో సర్దుకుంటాయి.

ఇక్కడ మనవైపు ఇబ్బంది ఒకటుంది. తెలుగువాళ్లం కూడా ప్రతి అచ్చునూ నిండుగా పలికేవాళ్లమే కాబట్టి ఈ పాఠం మన గొంతుతో కాక, రికార్డు చేసిన మంచి నమూనాలతో చెప్పడం న్యాయం.

సావో పౌలో ప్రవాసి:

ఊనిక ముఖ్యం కాదని నేను అనలేదండి. అయితే ఇంటర్వ్యూలో "ఐ వర్క్" కు, "ఐ వర్క్‌డ్" కు తేడా వినిపించకపోతే జరిగే నష్టం "హాస్పిటల్" ఊనికవల్ల జరిగే నష్టం కంటే పెద్దది. ప్రస్తుతం చేస్తున్న పనో, మానేసిన పనో ఎదుటివారికి తెలియదు. పైగా చివరి ఇకారం వల్ల మాటకు ఒక అక్షరం అదనంగా చేరి లయ కూడా చెడుతుంది కదా.

లిస్బన్ తెలుగు:

చర్చ అంతా బ్రెజిల్ చుట్టూ తిరుగుతోంది కాబట్టి ఒక మనవి. పోర్చుగల్ వారికి ఈ సూత్రాల్లో చాలా భాగం వర్తించవు. ఇక్కడ త, ద లు ఇకారం ముందు మారవు. మాట చివర ఇకారం అంత స్పష్టంగా వినిపించదు. ఊనిక లేని అచ్చులను లిస్బన్ వాసులు ఎంతగా మింగేస్తారంటే, "తెలెఫోన్" అనే మాట కొత్తగా వచ్చినవారి చెవికి "త్ల్ఫోన్" అని పడుతుంది. ఇంగ్లీషు లయ కూడా అటువంటిదే గనుక ఊనిక పాఠం వీరికి సులభం. లకారం విషయంలోనూ నాలుక కొన పైకి తగిలించే పలుకుతారు. పరభాషా చిత్రాలను ఇక్కడ డబ్బింగ్ చేయకుండా ఉపశీర్షికలతో చూపించే ఆనవాయితీ ఉండడం వల్ల చిన్నప్పటినుంచే ఇంగ్లీషు చెవిన పడుతుంది. వీరిలో ముందుగా సరిదిద్దవలసింది మాట చివరి సకారం. దాన్ని వీరు షకారంగా పలుకుతారు. రియో నగరవాసులకూ ఈ అలవాటు ఉంది.

పదజాలంలో ఒక హెచ్చరిక. జలుబు చేసిన పోర్చుగల్ వ్యక్తి తన భాషలో "కొన్ష్‌తిపాదు" అంటాడు. దాన్నే ఇంగ్లీషులోకి మార్చి "కాన్‌స్టిపేటెడ్" అన్నాడంటే వైద్యుడు మలబద్ధకానికి మందు రాస్తాడు.

బెజవాడ బోధకుడు:

చాలా ఉపయోగకరమైన విషయాలు చెప్పారు, ధన్యవాదాలు. మరో రెండు ఇబ్బందులున్నాయి. ఒక అమ్మాయి "రెడ్" అనమంటే "హెజి" అంటోంది. అదే అమ్మాయి "హంగ్రీ" అనమంటే హకారం వదిలేసి "యాంగ్రీ" కి దగ్గరగా పలుకుతోంది. హకారం రాని మనిషి రకారం దగ్గర హకారం ఎలా పలుకుతోందో!

సావో పౌలో ప్రవాసి:

ఆమెకు హకారం వచ్చు, అయితే దాని చోటు వేరు. పోర్చుగీసు రాతలో హ అక్షరం మాట మొదట ఉన్నా పలకదు. ర అక్షరం మాట మొదట వస్తే బ్రెజిల్‌లో చాలాచోట్ల హకారంగా పలుకుతుంది. "రియో" వారికి "హియు", మీ విద్యార్థుల ఊరు "రెసీఫ్" వారికి "హెసీఫి". ఇంగ్లీషు "రాక్" సంగీతాన్ని "హాకి" అంటుంటే మొదట్లో నేను ఆటగురించి అనుకునేవాడిని. కాబట్టి హకారం కావలసిన చోట, ఆ మాటను వారి పద్ధతిలో ర అక్షరంతో రాసుకోమనండి. "హౌస్" అనే మాటకు ముందు ర పెట్టి రాసి చదవమంటే మంచి హకారం వచ్చి తీరుతుంది.

రకారం కోసం నేను వాడే ఉపాయం వేరు. సావో పౌలో రాష్ట్రపు లోపలి పల్లెల యాసలో అచ్చు తరువాతి రకారాన్ని నాలుక వెనక్కి మడిచి పలుకుతారు, అమెరికా రకారానికి అది చాలా దగ్గర. నగరవాసులు ఆ యాసను అనుకరించి నవ్వుకుంటారు కాబట్టి అది ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. తలుపు అనే అర్థమున్న "పోర్త" అనే మాటను ఆ యాసలో అనిపించి, ఆ రకారాన్నే పట్టుకుని "రెడ్" మొదటికి తీసుకురమ్మనండి. నాలుక అంగిలికి తగలకూడదు.

మపుటో వర్తకుడు:

మొజాంబిక్‌లో వ్యాపారం చేసుకుంటున్న తెలుగువాణ్ణి. ఇక్కడ ఇంగ్లీషు అవసరం చాలా పెద్దది. దక్షిణాఫ్రికా, జింబాబ్వే, జాంబియా, మలావి, టాంజానియా అన్నీ ఇంగ్లీషు నడిచే పొరుగుదేశాలు. బ్రిటిష్ పాలనలో ఎన్నడూ లేకపోయినా ఈ దేశం 1995లో కామన్వెల్త్‌లో చేరింది. అయితే ఇక్కడ పోర్చుగీసు అధికార భాష మాత్రమే. చాలామందికి మాతృభాషలు మఖువా, చంగాన వంటి బంటు భాషలు. వాటిలో మాటలు సాధారణంగా అచ్చుతోనే ముగుస్తాయి. కనుక బ్రెజిల్‌వారికోసం తయారుచేసిన పాఠాన్ని ఇక్కడివారికి యథాతథంగా వాడకండి. ముందు వారి ఇంటి భాష అడగండి.

పదకోశ ప్రియుడు:

ఉచ్చారణ గురించి పెద్దలు చెప్పారు కాబట్టి నేను పదజాలానికి పరిమితమవుతాను. బోధకుడు గారు తమ విద్యార్థులు వ్యాసాలను త్వరగా అర్థం చేసుకుంటారన్నారు. దానికి కారణం లాటిన్. "ఇన్‌ఫర్మేషన్", "యూనివర్సిటీ", "ర్యాపిడ్లీ" వంటి మాటలకు వారి భాషలో కవలలున్నాయి. "సాంవ్" అనే వారి ప్రత్యయం ఇంగ్లీషులో "షన్" అవుతుందనీ, "దాజి" అనేది "టీ" అవుతుందనీ, "మేంచి" అనేది "లీ" అవుతుందనీ చూపిస్తే వారికి కొన్ని వేల మాటలు ఉచితంగా దొరుకుతాయి. మన తెలుగు విద్యార్థికి "పోస్ట్‌పోన్" కష్టం, "పుట్ ఆఫ్" కూడా కష్టమే. వారికి మాత్రం పెద్ద మాటలు సులభం, రోజువారీ చిన్న మాటలే కష్టం. "గివ్ అప్", "పుట్ ఆఫ్", "రన్ ఔట్ ఆఫ్" వంటివి రాకపోవడంతో కబుర్లు చెప్పేటప్పుడు కూడా ప్రసంగపాఠం చదువుతున్నట్టు వినిపిస్తారు. మీరు పదజాలానికి కేటాయించే సమయంలో ఎక్కువ భాగం ఈ చిన్న మాటలకే ఇవ్వాలి.

రెండో విషయం, ఒక్క క్రియ ఇంగ్లీషులో మూడుగా చీలే సందర్భాలు. "ఎస్పెరార్" అనే వారి క్రియకు ఎదురుచూడడం, ఆశపడడం, జరుగుతుందని అనుకోవడం అనే మూడు అర్థాలూ ఉన్నాయి. తెలుగులో వేర్వేరు క్రియలు ఉన్నందువల్ల "వెయిట్", "హోప్", "ఎక్స్‌పెక్ట్" మధ్య మనం తడబడం, వారు తడబడతారు. "పెర్దేర్" అంటే పోగొట్టుకోవడమూ, అందుకోలేకపోవడమూ రెండూ. అందుకే "ఐ లాస్ట్ ద బస్" అంటారు. బస్సు ఎవరో ఎత్తుకుపోయారని కంగారుపడకండి.

మూడోది అందరికీ తెలిసిన తప్పుడు చుట్టాలు, అంటే రెండు భాషల్లోనూ ఒకేలా కనిపించి అర్థం వేరుగా ఉండే మాటలు. వారి తలుపుల మీద "పూషి" అని రాసి ఉంటే లాగమని అర్థం. ఆ అలవాటుతో ఇంగ్లీషు దేశాల్లో "పుష్" అని రాసిన తలుపును లాగుతూ నిలబడతారు. "పేరెంట్స్" అంటే బంధువులనీ, "లైబ్రరీ" అంటే పుస్తకాల దుకాణమనీ, "ఎగ్జిట్" అంటే విజయమనీ పొరబడతారు. బ్రెజిల్‌లో ఇంగ్లీషు మాటలే వేరే అర్థాలతో స్థిరపడినవి కూడా ఉన్నాయి. అక్కడ "ఔట్‌డోర్" అంటే రోడ్డు పక్కన పెట్టే పెద్ద ప్రకటన బోర్డు, "స్మోకింగ్" అంటే విందుకు వేసుకునే నల్లకోటు, "షాపింగ్" అంటే మాల్, "నోట్‌బుక్" అంటే ల్యాప్‌టాప్.

ధ్వనిశాస్త్ర విద్యార్థిని:

తప్పుడు చుట్టాల జాబితాలకు అవసరానికి మించిన ప్రాధాన్యం ఇస్తున్నామేమో ఆలోచించండి. విజయం, ద్వారం మధ్య పొరపాటు వాక్యంలో పెడితే దానంతట అదే తొలగిపోతుంది. ఇంటర్వ్యూలో నిజంగా ముంచేవి నాలుగైదు మించి ఉండవు. "ఐ ప్రిటెండ్ టు వర్క్ ఇన్ యువర్ కంపెనీ" అన్న వాక్యం వాటిలో మొదటిది. పని చేయాలనుకుంటున్నానని చెప్పబోయి, పని చేస్తున్నట్టు నటిస్తానని చెప్పినట్టవుతుంది. ప్రస్తుత ఉద్యోగాన్ని "యాక్చువల్ జాబ్" అనడం, సమావేశాన్ని "రీయూనియన్" అనడం, మూడింటికి వేరే పని ఉందనడానికి "కాంప్రమైజ్" ఉందనడం, తమ చదువును "ఫార్మేషన్" అనడం తరువాతివి. ఇవి వారి నోట ఎలా వస్తాయో అలాగే పూర్తి వాక్యాలుగా రాయించి, పక్కనే సరైన వాక్యం రాయించండి. విడి పదాల పట్టిక మాత్రం ఇవ్వకండి.

పదకోశ ప్రియుడు:

ఇంటర్వ్యూ వరకైతే మీ మాట ఒప్పుకుంటాను. ఆ దేశాల్లో కాపురం పెట్టబోయేవారికి మాత్రం తలుపులూ దుకాణాలూ కూడా కావాలి.

తెనాలి పాఠకురాలు:

ఎవరూ ప్రస్తావించని చిన్న విషయం ఒకటి. బ్రెజిల్ కొనుగోలుదారులతో ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగం నాది. ఈమెయిల్ చిరునామా అక్షరం అక్షరంగా చెప్పుకోవడంలో జరిగే గల్లంతు మరెక్కడా జరగదు. మనం ఇంగ్లీషు మొదటి అక్షరాన్ని "ఏ" అంటే వారు తమ వరుసలోని ఐదో అక్షరం రాసుకుంటారు. మనం ఐదో అక్షరాన్ని "ఈ" అంటే వారు తొమ్మిదోది రాసుకుంటారు. ఎందుకంటే వారి అక్షరాల పేర్లు వరుసగా "ఆ", "ఎ", "ఈ". వారు "డీ" చెప్పబోయి "జీ" అంటే మనం మరో అక్షరం రాసుకుంటాం. ఫోన్ నంబర్లలో ఆరును వారి భాషలో "మేయ", అంటే సగం, అంటారు. అర డజను ఆరు కదా. తొందరలో దాన్నే ఇంగ్లీషులో "హాఫ్" అని చెప్పినా ఆశ్చర్యపోకండి.

అంకెల రాతలోనూ జాగ్రత్త కావాలి. వేలను విడదీయడానికి వారు చుక్క, దశాంశానికి కామా వాడతారు. వారి 1.500 మన 1,500. జీతం గురించి మాట్లాడేటప్పుడు ఈ ఒక్కటీ తెలిసి ఉండాలి.

బెజవాడ బోధకుడు:

అక్షరాల పేర్లు రేపటి తరగతిలోనే మొదలుపెడతాను. మీ అందరి మాటలూ కలిపి చూసుకుని, మొదటి వారం మాట చివరలు, దానితోపాటే అల్ తో ముగిసే మాటల ఊనిక, రెండో వారం ఇంటర్వ్యూ వాక్యాలు, క్రియలు అనుకుంటున్నాను. "షిప్", "షీప్" తేడా వారికి వినిపించడం లేదు. మనకు హ్రస్వ దీర్ఘాలున్నాయి కాబట్టి ఇది నేను తేలికగానే చెప్పగలననుకుంటున్నాను. చివరగా ఒక ప్రశ్న. "వర్క్‌డ్", "ఆస్క్‌డ్" వంటి భూతకాల రూపాలకు ప్రవాసి గారి కలిపి పలికించే పద్ధతి పనికివస్తుందా?

ధ్వనిశాస్త్ర విద్యార్థిని:

"షిప్" విషయంలో మన హ్రస్వ దీర్ఘాలను పూర్తిగా నమ్ముకోకండి. నిడివి ఒక్కటే చెబితే వారు అదే ఈకారాన్ని కత్తిరించి పలుకుతారు. "షిప్" లో దవడ కాస్త వదులుగా, నాలుక కాస్త కిందికి ఉండాలి. "బెడ్", "బ్యాడ్" తేడా మాత్రం మీకు కలిసివస్తుంది. "వచ్చాడు" అన్నప్పుడు మన నోట వచ్చే చా లోని అచ్చు "బ్యాడ్" కు చాలా దగ్గర కాబట్టి మీ గొంతుతోనే చూపించవచ్చు.

సావో పౌలో ప్రవాసి:

పనికివస్తుంది, కాని తరువాతి మాటను జాగ్రత్తగా ఎంచుకోవాలి. "వర్క్‌డ్" లో చివర వినిపించేది టకారం. దాని వెనుక "ఇన్" పెట్టారంటే మీ బెలో హొరిజోంటె వారికి మళ్లీ ట మీద ఇకారం దొరికి "వర్క్‌చిన్" అయిపోతుంది. కనుక మొదట "వర్క్‌డ్ ఆన్", "ఆస్క్‌డ్ అబౌట్" వంటి జంటలు తీసుకుని "వర్క్‌టాన్", "ఆస్క్‌టబౌట్" అని అలవాటు చేయించండి. టకారం నిలబడ్డాకనే "వర్క్‌డ్ ఇన్" కు రండి. రెసీఫ్ వారికి ఈ వరుస అక్కర్లేదు, వారిచేత మొదటినుంచే "ఇన్" తో పలికించవచ్చు.